టీవీ వెనకాల చిన్న బోర్డు

కొబ్బరి కోరుతుంటే మా ఆయన ప్రవీణ్ కుమార్ వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "జాస్మిన్, సినిమాలు చూసుకోడానికి టీవీ వెనకాల పట్టేలా చిన్న కంప్యూటర్ చేయిద్దాం. మదర్‌బోర్డు నువ్వే చూడు. నీకు తెలుసు కదా" అన్నారు.

నీకు తెలుసు కదా. పెళ్లయిన ఆరేళ్లలో ఆ మాట వినడం అదే మొదలు. అమలాపురంలో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. రాజోలు కోడలినయ్యాక, "ఆ వైర్ల పనులు మగపిల్లలు చూసుకుంటార్లేమ్మా, నువ్వు ఇల్లు చూసుకో" అన్నారు మా అత్తగారు సత్యవతి. చూసుకున్నాను. ఆవిడ పథ్యం, ఆయన క్యారేజీ, ప్రార్థన కూటానికి వచ్చేవాళ్ల టీలు. మిక్సీ చెడిపోతే నేనే విప్పి బాగుచేసిన రోజున కూడా ఆయన అడిగింది, "ఎవర్ని పిలిచేవు?" అనే.

అందుకే పొంగిపోయాను. కూర పొయ్యి మీద ఉడుకుతుంటే ఫోన్లో వెతికి వెతికి, జానెడు కూడా లేని బోర్డొకటి ఎంచాను. వేడెక్కదు, ఫ్యాను రొద ఉండదు, టీవీకి నేరుగా తగిలించుకోవచ్చు. సినిమాలకి ఒక్క డిస్కు చాలు.

ఆయన చూసి తల అడ్డంగా ఊపారు. "చాలదు. నాలుగు హార్డ్‌డిస్కులు పట్టాలి. రాత్రీ పగలూ ఆగకుండా నడవాలి."

"సినిమాలకి అన్నెందుకండీ?"

"పాత పెట్టె నిండిపోయింది."

నాకు తెలిసి మా ఇంట్లో పాత పెట్టె ఏదీ లేదు. అదే అడగబోతుంటే, ఆయన చెంచాతో కూర రుచి చూస్తూ మెల్లగా అన్నారు: "మంగళవారం ఇక్కడ కూర్చుని అంతసేపు ఏడ్చేవెందుకు?"

మంగళవారం ఆయన కాకినాడలో ఉన్నారు. అత్తగారు చర్చికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే.

"మీకెవరు చెప్పేరండీ?"

"ఒకళ్లు చెప్పాలా? నా ఇల్లు నాకు తెలీదా? ఉప్పు కాస్త తగ్గింది, చూసుకో."

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్లగానే వంటింట్లో స్టూలెక్కాను. నెట్ అందట్లేదని ఆయన అలమర పైన బిగించిన తెల్ల డబ్బాకి ఆవగింజంత గాజు కన్ను ఉంది. పడకగదిలో ఇంకొకటి. స్నానాలగది గుమ్మానికి ఎదురుగా మరొకటి. నేను చీర మార్చుకున్న చోటు, దిండులో మొహం దాచుకున్న చోటు, అన్నీ గుర్తొచ్చాయి.

వెళ్లి అడిగితే అత్తగారు బైబిలు మూశారు. "నీ మంచికేనమ్మా. ఆడది ఒంటరిగా ఉంటాదని పెట్టేడు. ఇద్దరం కలిసే చూస్తాం, పరాయోళ్లెవరూ చూడరు."

ఆవిడ మంచం కింద, దుప్పటి కప్పిన పాత పెట్టెలో పచ్చ లైటు వెలిగి ఆరుతోంది.

నేను నేల మీద కూర్చుని ప్లగ్ పీకాను. "ఏంటమ్మా అది? వాడు ఊరుకోడు" అంటూ అత్తగారు లేవబోయారు. మూత తీసి, వేడిగా ఉన్న డిస్కు బయటికి లాగి కొంగులో చుట్టుకున్నాను. సర్టిఫికెట్ల సంచీ భుజాన వేసుకుని పైన ఇంకో గాజు కన్ను ఉన్న వీధి తలుపు తీసేసరికి ఫోన్ మోగింది.

"పెట్టె ఆగిపోయిందేం?" అన్నారు ఆయన, ఎంతో నెమ్మదిగా. "జాస్మిన్, చేతిలో ఉన్నది అక్కడ పెట్టి లోపలికెళ్లు."

"ఇందులో ఉన్నదంతా నేనేనండీ" అన్నాను. "పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను."