వెంట్రుకంత లీకు

నా నోరు మంచిది కాదంటారు. నన్నడిగితే నా చేతులే చెడ్డవి.

పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం కోసం నేను మెయిలు పెట్టని ప్రొఫెసరు లేడు. సగంమంది జవాబే ఇవ్వరు. ఇచ్చినవాళ్లు "మీ పని బాగుంది, మా దగ్గర నిధుల్లేవు" అంటారు. తమ్ముడి ఇంట్లో ఉంటున్నాను. వాడు పల్లెత్తు మాట అనడు. "డాక్టరుగారూ, జలుబుకేమైనా మందు రాస్తారా?" అని నవ్విస్తాడు, అంతే. ఆ పై నెల పుట్టినరోజు దాటితే ఇలాంటి పోస్టులన్నిటికీ నా వయసు మించిపోతుంది. సరిగ్గా అప్పుడొచ్చింది ఒక ప్రొఫెసరు దగ్గర్నుంచి ఇంటర్వ్యూకి పిలుపు.

ఇంటర్వ్యూ మధ్యాహ్నం. ఈలోగా ప్రొఫెసరు తన ల్యాబు చూపించారు. గది నిండా పంపుల హోరు, మధ్యలో స్టీలు చాంబరు. దాని లోపలి గాలంతా తీసేస్తే గాని ప్రయోగం మొదలవదు. ఎంతసేపు పంపు నడిపినా, లోపల ఎంత గాలి మిగిలిందో చూపే గేజి ఒకే అంకె దగ్గర మొండికేసి కూర్చుందట.

"ఎక్కడో లీకుందమ్మా. దీన్ని దారికి తెచ్చే మనిషి కోసమే ఈ పోస్టు" అన్నారాయన.

ఆ మాట చెవిన పడిందా? పడింది. బుర్రకెక్కిందా? ఎక్కితే ఈ గోలంతా ఎందుకు!

"సార్, స్పిరిట్ ఉందా?" అన్నాను.

ఇంటర్వ్యూ బట్టలతోనే నేలమీద బోర్లా పడుకుని చాంబరు ప్రతి జాయింటు మీదా ఒక్కో చుక్క వేస్తూ పోయాను. లీకున్నచోట స్పిరిట్ ఆవిరి లోపలికి దూరి గేజిని కదిలిస్తుంది. చాంబరు వెనకున్న చిన్న కిటికీ అద్దం దగ్గర చుక్క పడగానే గేజిలో అంకె ఎగిరింది. పంపు ఆపి అద్దం విప్పి చూస్తే, రబ్బరు రింగుకి అడ్డంగా ఒక వెంట్రుక. ఏ మహాతల్లిదో! తుడిచి బిగించి, మళ్లీ పంపు నడిపాను. భోజనాలవేళకి అంకె చకచకా దిగిపోయింది. ఆయన చప్పట్లు కొట్టారు. నేనూ సిగ్గులేకుండా మురిసిపోయాను.

ఇంటర్వ్యూ కూడా బాగానే జరిగింది. తర్వాత మెయిలు వచ్చింది. చాంబరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, మీ మేలు మరవం. ఇక దీనికి ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదు కాబట్టి ఆ పోస్టు నిధులతో డిటెక్టరు కొంటున్నాం, అని.

"ముందు ఉద్యోగం ఇమ్మని, తర్వాత బాగుచేయొచ్చు కదే అక్కా!" అన్నాడు తమ్ముడు.

"లీకు కళ్లెదురుగా ఉంటే ఎలా ఊరుకోనురా?"

"కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్ల గురించి విన్నాను. నువ్వు ఎక్కకముందే నరికేశావు కదే!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే ఏడ్చేశాను. వాడు ఏం చెయ్యాలో తెలియక లేచివెళ్లి గిన్నెలు కడిగాడు.

పుట్టినరోజు వచ్చింది, పోయింది. ఆ మర్నాడే ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు. మొదటి గంటకే ఎత్తాను. ఆశ చావదు కదా, పాడు ఆశ.

"అమ్మా, అంకె మళ్లీ ఎక్కుతోంది. ఈసారి ఎక్కడ వెతకమంటారు?"

తమ్ముడు ఎదురుగా నిలబడి, చెప్పొద్దు చెప్పొద్దని రెండు చేతులూ ఊపాడు. చెప్పకూడదనే ఉంది నాకు కూడా, ఒట్టు. కానీ ఆయన గేజి అంకెలు చదువుతుంటే చాంబరు నా కళ్లకు కట్టింది.

"అద్దం కాదు సార్. పంపు కిందున్న జాయింటు చూడండి. బోల్టులు ఒకవైపు నుంచి వరసగా కాకుండా ఎదురెదురువి జతలుగా బిగించాలి."

"ఒక్క నిమిషం అమ్మా, రాసుకుంటాను" అన్నారాయన.

నేను మొదటినుంచీ మళ్లీ చెప్పాను, నెమ్మదిగా.