యాకయ్య వద్దన్న పని

యాకయ్య బాత్రూం కడిగే నీలం మందు అమ్ముకుని బతికేవాడు. పొద్దున్నే నెక్కొండలో రైలెక్కి వచ్చి, మట్టెవాడ గల్లీలన్నీ తిరిగేవాడు. ఆ రోజు అనసూయ ఇంటి ముందు గొంతుక్కూర్చుని, నల్లాకు పట్టిన తెల్లపొర పోగొట్టి చూపించాడు. బండల మీది తుప్పు మరక పోగొట్టాడు. నల్లగా ఉన్న ఇత్తడి చెంబు తళతళలాడేసరికి అనసూయ సీసా కొనేసింది.

"గిది బంగారానికి గూడ పనిచేస్తదా?"

"వద్దమ్మా! బంగారం, ఎండి జోలికి అస్సలు పోవద్దు" అని గట్టిగా చెప్పి, అతను పక్క గల్లీలోకి వెళ్లాడు.

వద్దన్న పని చేస్తే తప్ప నిద్రపట్టని మనుషులుంటారు. అనసూయ పుస్తెలతాడు తీసి గిన్నెలో వేసి మందు పోసింది. తాడులోని పగడాలు బుసబుసమని నురగ కక్కాయి. గాభరాగా కడిగి చూస్తే, ఎర్రటి పగడాలు పాలిపోయి గుంటలు పడి ఉన్నాయి. పుస్తెల్లో పగడం చెడితే మొగుడి ప్రాణానికే కీడని నమ్మే ఇల్లు అది. సరిగ్గా అప్పుడే ఆమె మొగుడు, బట్టల దుకాణం రాంప్రసాద్, అన్నానికి వచ్చాడు.

"ఏంది గది?"

నోటికి అబద్ధమే ముందొచ్చింది. "మందు అమ్మెటోడు... మెరుగు పెడ్తనని తీస్కున్నడు."

మెరుగు పెడతామని వచ్చి నగలు దోచుకుపోయే దొంగల గురించి వినని ఇల్లు ఆ గల్లీలో లేదు. యాకయ్యను కాలర్ పట్టి ఈడ్చుకొచ్చారు. రాంప్రసాద్ కొట్టిన మొదటి దెబ్బకే ముక్కు పగిలింది. పక్కింటి శ్యాంసుందర్ షట్టర్ లాగే ఇనుప కొక్కెం ఎత్తాడు. యాకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు గల్లీ అంతా వినపడింది.

"నేను ముట్టలే సారూ! అమ్మనడుగుండ్రి!"

ఆ అమ్మ గుమ్మంలో బొమ్మలా నిలబడింది. ఏం పోయిందో తెలియనివాళ్లు కూడా చెప్పులు తీసుకుని పరుగెత్తుకొచ్చారు. కడుపులో తన్నారు, వీపు మీదెక్కి తొక్కారు. యాకయ్య రక్తంతోపాటు ఒక పన్ను ఉమ్మాడు. ఒకడు దాన్ని ఫోన్లో వీడియో తీసుకున్నాడు.

రాంప్రసాద్ ఆ నీలం సీసా మూత తిప్పాడు. "ఈ చేతులతోనే కద ముట్టినవ్? పట్టుకోండ్రి వీన్ని!"

ఇద్దరు యాకయ్య అరచేతులను బండకు అదిమిపట్టారు. విరిగిన చేతిని అదిమినప్పుడు అతను పెట్టిన కేకకు అనసూయకు కాళ్లలో కదలిక వచ్చింది. జనాన్ని తోసుకుని వెళ్లి మొగుడి చెవిలో చెప్పింది: "నేనే పోసుకున్న. ఆయన వద్దనే అన్నడు."

గల్లీ మొత్తానికి వినపడేలా అరవాల్సిన మాట అది. రాంప్రసాద్ కింద నెత్తురు చూశాడు, చుట్టూ ఫోన్లు చూశాడు. మూత బిగించాడు.

"ఇడిసిపెట్టుండ్రి. పాపమంటాంది మా ఆమె."

"మంచి మనసు వదినెది!" అన్నాడు శ్యాంసుందర్, కొక్కెం తుడుచుకుంటూ.

అనసూయ నోరు తెరిచింది. మొగుడు ఆమె జబ్బ గట్టిగా నొక్కాడు. అంతే, మూసుకుంది. థూ, ఏం బతుకు!

యాకయ్య గోడ పట్టుకుని లేచాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుంటుకుంటూ ఆమె ముందుకొచ్చి దండం పెట్టబోయాడు. విరిగిన చెయ్యి లేవలేదు. ఒక్క చేత్తోనే పెట్టాడు.

"నువ్వు చెప్పవట్టి బతికిన తల్లీ."