వదలకూడని చేప

రెడ్‌ఫిన్ చేపకి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఏ సరస్సు మంచిదని ఆ రోజుల్లో ఎవరైనా అడిగితే సెరీనా ఒకటి చెప్పేది, భార్గవ్ ఇంకోటి చెప్పేవాడు. ఇద్దరి మాటా విన్నవాడు గాలం మడిచి ఇంటికెళ్ళి పడుకోవడమే మేలు. ఆమెది నాలుక లెక్క, అతనిది తోక లెక్క. రెండూ ఎప్పుడూ కలవలేదు.

సెరీనాది ఆకివీడు. కొల్లేటి చేప తిని పెరిగిన పిల్ల. నర్సింగ్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చి, ట్రుగనీనాలో కస్తూరి ఆంటీ ఇంట్లో ఒక గదిలో అద్దెకి ఉండేది. చర్చిలో పరిచయమైన ఆంటీ మనసు మంచిదే గానీ, సూపర్‌మార్కెట్లో దొరికే ముళ్ళు తీసిన తెల్లటి ముక్కలు తెచ్చి ఇదీ చేపేనమ్మా అనేది. అది చేపయితే దూది కూడా చేపేనని సెరీనాకి ఒళ్ళు మండేది. అసలైన చేప కావాలంటే సరస్సుకి పోవాలి. పోవడానికి కారు కావాలి. ఆ కారు పక్కింట్లో అద్దెకుండే భార్గవ్ దగ్గర ఉంది.

భార్గవ్‌ది హనుమకొండ. యూనివర్సిటీలో ఐటీ మాస్టర్స్ చేస్తూ, వీకెండ్లలో వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసేవాడు. పండగపూట ఉల్లిపాయ కూడా గడప దాటని వైష్ణవుల ఇంటి పిల్లాడు. అలాంటివాణ్ణి చేపల వేటకి డ్రైవర్ని చెయ్యడం సెరీనాకే చెల్లింది. మొదటిసారి బాలరాట్‌లోని వెండూరీ సరస్సు ఒడ్డున, టిఫిన్ డబ్బా మూత ఎంతకీ రాక, గాలం ఒక్క నిమిషం పట్టుకోమని అతని చేతిలో పెట్టింది. పొద్దున్నుంచీ ఆమెని పట్టించుకోని చేప, ఆ నిమిషంలోనే వచ్చి అతనికి చిక్కింది. ఒంటి మీద నల్లటి అడ్డచారలు, పొట్ట కింద ఎర్రటి రెక్కలు, వీపున ముళ్ళు. భార్గవ్ ముందు బెదిరాడు, తర్వాత ముచ్చటపడ్డాడు, ఆ తర్వాత మెల్లగా కొక్కెం తీసి దాన్ని నీళ్ళలో వదిలేశాడు. ఆ మధ్యాహ్నం తినాల్సిన పులుసు తన కళ్ళముందే ఈదుకుంటూ పోతుంటే సెరీనా డబ్బా పట్టుకునే నీళ్ళ అంచుదాకా పరుగెత్తింది.

అప్పట్నుంచి వాళ్ళకో ఒప్పందం. ఎవరు పట్టింది వాళ్ళది. ఆమె పట్టింది పులుసుకి, అతను పట్టింది నీళ్ళకి. దేవుడి న్యాయం ఎలాంటిదో గానీ హస్తవాసి మాత్రం అతనిదే. సెరీనా గంటలు గంటలు నిలబడి ఒకటి పడితే, భార్గవ్ పాటలు వింటూ నాలుగు పట్టి నాలుగూ వదిలేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదేనని ఆమె దెప్పేది. వదిలేటప్పుడు చేప అరచేతిలో ఒక్క క్షణం ఆగి, చెయ్యి విదిలించుకుని పోతుందే, ఆ విసురు కోసమే పడుతున్నానని అతను చెప్పేవాడు. తోక లెక్కంటే అదే. చేప ఎంత బలంగా పారిపోతే ఆ సరస్సు అంత మంచిది.

అలా వాళ్ళు తిరగని దిక్కు లేదు. ఎపలాక్ చేపలో సెరీనాకి బురద వాసన తగిలింది, చింతపండు ఇంకాస్త పడాలంది. పడమటి వైపు పరంబీట్ సరస్సు పాత అగ్నిపర్వతం నోట్లో నిండిన నీళ్ళు. అక్కడి చేప కండ గట్టిది, ముళ్ళు తక్కువ, దానికి తిరుగులేదంది. తీరా కొండల మధ్య ఈల్డన్ చూశాక ఆ మాట కూడా మార్చేసింది. లోతు నీళ్ళ చేప, పులుసులో ఎంత కలిపినా ముక్క విరగలేదు. కొరమీను తర్వాత ఇదేనని ప్రకటించింది. భార్గవ్ మాత్రం ఈల్డన్‌ని అన్నిటికన్నా కిందకి తోసేశాడు. అంత లోతు నుంచి లాగినందుకు అక్కడ అతని చేప పొట్ట ఉబ్బి, వదిలినా ఈదలేక వెల్లకిలా తేలింది. ఆ పూట అతను పులిహోర డబ్బా తెరవలేదు. సెరీనా వల వేసి దాన్ని తీసుకుని, పాపం నీకు, పులుసు నాకు అంది. అన్నాక అతని మొహం చూసి, అనకుండా ఉండాల్సిందని నొచ్చుకుంది.

ఎంత మంచి రోజులవి! చలికి చేతులు కొంకర్లు పోయేవి. ఫ్లాస్కులో టీ సగం దారిలోనే అయిపోయేది. పరీక్షల ముందు ఆమె ఎముకల పేర్లు అప్పజెబుతుంటే అతను పుస్తకం పట్టుకుని తప్పులు పట్టేవాడు, ఒక్కటీ సరిగ్గా పలకలేక తనే తిట్లు తినేవాడు. ఒకరంటే ఒకరికి ప్రాణమని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. ఇంటికొచ్చి సెరీనా పెరట్లో గ్యాస్ స్టవ్ మీద చేప వండుతుంటే, భార్గవ్ కారు తాళాలు జేబులో వేసుకుని వీధులు తిరగడానికి పోయేవాడు. వాసన పోయిందని నమ్మకం కుదిరాకే తిరిగొచ్చేవాడు. ఒక్క మాట విసుక్కునేవాడు కాదు, ముక్కు మూసుకునేవాడు కాదు. కానీ పోయేవాడు. ఆ పోవడం ఆమెకి ముల్లులా గుచ్చుకునేది. కస్తూరి ఆంటీ కళ్ళు ఊరికే ఉంటాయా? "స్నేహం బయట తిరిగినంత కాలం బాగానే ఉంటదమ్మా. ఇల్లంటే వంటిల్లే. అది చూసుకో" అంది ఒకరోజు అంట్లు తోముతూ.

భార్గవ్ చివరి సెమిస్టర్ అవుతుండగా అతనికి కాన్‌బెర్రాలో ఉద్యోగం వచ్చింది. సామాను కారులో వేసుకుని వెళ్తూ, అక్కడే హారిసన్‌లో ఉండే మీ జాక్లిన్ అక్కని చూసినట్టుంటుంది, నువ్వూ రా అన్నాడు. ఊరు చూడమని పిలుస్తున్నాడా, ఉండిపొమ్మని పిలుస్తున్నాడా అన్నది అడగకుండానే ఆమె కారెక్కింది. రమ్మంటే వెళ్ళాలనే ఉంది. తన పొయ్యి వెలిగినప్పుడల్లా వీధిలోకి పోయే మనిషితో కాపురం ఎలా అన్నదే తేలలేదు. ఈ ప్రయాణంలో తేలకపోతే ఇక తేలదు.

విక్టోరియా సరిహద్దు దాటాక అతను పెద్దరోడ్డు వదిలి బ్లౌరింగ్ సరస్సుకి తీసుకెళ్ళాడు. నీలంగా, నిశ్శబ్దంగా పడుకున్న నీళ్ళు. ఒడ్డున ఒక బోర్డు మీద రెడ్‌ఫిన్ బొమ్మ ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో అది చీడ చేప, చిక్కితే ప్రాణంతో మళ్ళీ నీళ్ళలో వదలకూడదని రాసుంది. చదివి సెరీనా అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఇక్కడొద్దు, పోదాం పదమంది. భార్గవ్ వినిపించుకోలేదు. గాలం వేశాడు.

పడింది, పడకుండా ఉంటుందా. ఇన్నాళ్ళలో అంత పెద్దది ఎప్పుడూ పడలేదు. రెండు చేతులా పట్టుకుని నీళ్ళ అంచున కూర్చుండిపోయాడు. ఆమె చూడలేక, ఎవరూ లేరు, వదిలెయ్ అని చెప్పింది. అతను తల అడ్డంగా ఊపి దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు చెయ్యి. నేను చూస్త."

సెరీనా నొప్పి తెలియకుండా, వాళ్ళ నాన్న చేసినట్టు ఒక్క దెబ్బతో ముగించింది. తలెత్తేసరికి అతను అక్కడ లేడు. కారు వెనక వంగి వాంతి చేసుకుంటున్నాడు.

నీళ్ళ సీసా అందించి అడిగింది. "ఈ రూల్ నీకు ముందే తెలుసా?"

"తెలుసు. చదువుకునే వచ్చిన" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఒక్క ఇంట్ల ఉంటే రోజూ ఇదే గదా. నాతోని అయితదా, కాదా అని చూసుకుందామనుకున్న."

"అయ్యిందా?"

"కాలే" అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే ఆమెకి ఇంత బాధ ఉండేది కాదేమో. కోపం కూడా వచ్చింది. నా బతుకు మీద పరీక్ష పెట్టుకుని నాకే చెప్పలేదేమిటని. చేప శుభ్రం చేసి డబ్బాలో పెట్టింది. ట్యూమట్ ఊరు చేరేదాకా ఆ డబ్బాని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

ఊళ్ళో ఏటి ఒడ్డు పార్కులో, అందరూ వాడుకునే కరెంటు పొయ్యి ఉంది, అక్కడివాళ్ళు బార్బీ అంటారు. చంపిన చేపని పారెయ్యడం ఆమె ఇంటా వంటా లేదు. ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేసింది. చేతులు కడుక్కోవడానికి దూరంగా ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి, నీళ్ళు తిప్పి, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చింది. ఇంత దూరం వచ్చి తేలింది ఇదా అని ఏడ్చింది. రేపు జాక్లిన్ అక్కకి ఏం చెప్పాలో, ఒంటరిగా ఏ బస్సెక్కి మెల్‌బోర్న్ పోవాలో అనుకుంటూ మొహం కడుక్కుంది. ఈపాటికి అతను ఎప్పట్లాగే ఏటి గట్టు పట్టుకుని పోయుంటాడని అటు చూసింది. గట్టు మీద ఒక ముసలాయన, కుక్క తప్ప ఎవరూ లేరు.

వెనక్కి తిరిగింది. బార్బీ దగ్గర భార్గవ్ ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, పట్టకారు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కారం ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. మొహం వికారంగా ముడుచుకుపోయి ఉంది. ఒక కాలు వెనక్కి, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది. కానీ పోలేదు. చేపని తిప్పబోతే తోలు పెనానికి అంటుకుని రెండు ముక్కలైంది.

ఆమె దగ్గరికి రాగానే తప్పు చేసిన పిల్లాడిలా చూశాడు.

"మాడిపోతుంటే తిప్పిన" అన్నాడు రుమాలు లోంచి. "చంపుడు చూడలేను, సెరీనా. అది నాతోని ఎప్పటికీ కాదు. కానీ నువ్వు వండుతుంటే ఇంక బయటికి పోను."

ఆమె పట్టకారు తీసుకోబోయింది. అతను ఇవ్వలేదు.

"చదువైపోగానే నేనూ కాన్‌బెర్రా వచ్చేస్తాను" అంది సెరీనా. అని, రెండో ముక్క ఎటువైపు నుంచి తిప్పాలో వేలితో చూపించింది.