గడప దాటిన విత్తనం

ఇంగా దొరసాని స్వీడన్ నుంచి వచ్చింది. జహీరాబాదు దవాఖానలో పనిలో చేరేలోపు నాలుగు మాటలు నేర్చుకోవాలని, న్యాల్‌కల్ దాపున ఉన్న మా ఊళ్ళో, మా ఇంట్లోనే దిగింది. మా నాయన ఇస్సాకు బడిపంతులు. ఆమెకు తెలుగు చెప్పే పని నాకు అప్పగించాడు. నలుగురిలో నోరు పెగలని నాకు ఆమె ముందు మాత్రం మాటలు వచ్చేవి.

కనిపించిందల్లా పుస్తకంలో రాసుకునేది. తెల్లవారకముందే ఇంటింటా రొట్టెలు చరిచే చప్పుడు గురించి ఒక పేజీ, తల మీది చుట్టకుదురుకు ఒక బొమ్మ. అన్నిటికంటే ఆమెకు నచ్చింది, దారిలో ఎదురైన వాళ్ళు "ఎటు పోతున్నవ్?" అని అడగడం.

"మా దేశంలో అడగరు," అంది మాటలు కూడబలుక్కుంటూ. "ఎవరు ఎక్కడ పోయినా ఎవరికీ అక్కర లేదు. ఇక్కడ అందరికీ అక్కర."

పెద్దవాళ్ళను "ఎటు పోతున్నరు?" అనాలని నాలుగుసార్లు పలికించాను. విత్తనంతో పోయేవాళ్ళను మాత్రం అడగకూడదని చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి, చెప్పాలని తోచలేదు.

మిరుగు వాన, ఆ ఏడు విత్తుకు మొదటిది, శుక్రవారం పడింది. ఆదివారం పొద్దున నాయన ప్రార్థనకు జహీరాబాదు వెళ్ళాడు. నేను వాకిలి ఊడుస్తున్నాను. వీధికి ఇవతల మా వాడ, అవతల ఊరు; ఎదురింటి చెన్నబసప్ప జొన్న, కంది కలిపిన విత్తనాల సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. ఎద్దులు అప్పటికే గొర్రు కట్టి వీధిలో నిలబడి ఉన్నాయి. దొరసాని మా గుమ్మంలోకి వచ్చి, నవ్వుతూ చేతులు జోడించింది.

"ఎటు పోతున్నరు?"

చెన్నబసప్ప ఉన్నచోటనే ఆగిపోయాడు. తరువాత వెనక్కి తిరిగి తన అరుగు మీద కూర్చున్నాడు.

"అయిపోయింది," అన్నాడు భార్య శరణమ్మతో. "రెండేండ్ల సంది పంట లేదు. మిగిలింది గీ సంచెడే. ఆగిన విత్తనం ఇయ్యాల మల్ల గడప దాటొద్దు. రేపు సోమారం, ఎద్దు మెడ మీద కాడి పెట్టం. మంగళారం దాక భూమిల పదునుంటదా?"

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"పంతులు రానీ," అన్నాడు చెన్నబసప్ప. "ఆ తెల్లామెను ఎందుకు దెచ్చి పెట్టిండో అడుగుత."

దొరసానికి మాటలు అర్థం కాకపోయినా ముఖాలు అర్థమయ్యాయి. జోడించిన చేతులు దించడం మరిచిపోయింది. నేను చీపురు కింద పడేసి వీధి మధ్యకు నడిచాను.

"నేనే నేర్పిన, అప్పా. ఆమెకు ఎర్కలేదు."

"ఎన్నడు నోరిప్పని పిల్ల," అంది శరణమ్మ. "ఇప్పితే ఊరంత మునిగేటట్టు ఇప్పినవ్ గదనే ఎస్తేరూ."

ఆమె నన్నూ, మా గడపనూ మార్చి మార్చి చూసింది.

"జర ఇనుండ్రి," అంది భర్తతో. "మన గడప దాటొద్దు గని, ఇంకో గడప దాటొచ్చు. మా అవ్వగారింట్ల ఒకపారి గట్లనే చేసిన్రు."

"ఎవరి గడప?"

ఆమె గడ్డం ఎగరేసి మా ఇంటిని చూపించింది.

"వాళ్ళదా?"

"గింజకేం అంటుంటది? అంటు ఉడికినదానికే గద."

మా నానమ్మ నారమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "ఇన్నేండ్లల మీ ఇంటి నీళ్ళచెంబు గూడ మా గడప తొక్కలే. విత్తనం తొక్కుతదా అప్పా?"

చెన్నబసప్ప ఎండకేసి చూశాడు. లేచి వచ్చి, సంచి మా వాకిట్లో నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగాడు. అప్పుడు నేను ఎత్తుకున్నాను.

లోపలికి తీసుకుపోయి దొరసానికి చెవిలో చెప్పాను. "విత్తనం పోతుంటే ఎవరూ ఎటు అని అడగొద్దు."

"ఎవరూ?"

"ఎవరూ."

సంచి నెత్తిన పెట్టుకుని మా గడప దాటాను. చేను దాకా నేనే మొయ్యాలంది శరణమ్మ. నా వెనక దొరసాని, ఆమె వెనక ఎద్దులతో చెన్నబసప్ప. వీధిలో ఆడవాళ్ళు సంచి చూసి పక్కకు తప్పుకున్నారు.

మలుపు దగ్గర మాత్రం గుండయ్య తాత ఉంటాడు. చూపు ఆనదు. అడుగుల చప్పుడు వింటే చాలు, కుక్కనైనా ఎటు అని అడుగుతాడు. ఎద్దుల గంటలు వినిపించి తల ఎత్తాడు.

దొరసాని నన్ను దాటి పరుగెత్తి, ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

"తాతా, తిన్నరా?"

"ఎవరు, తెల్లబిడ్డవా? ఏం తింట తల్లీ. మా కోడలు చేసిన రొట్టె చెప్పుతోలు లెక్కుంటది. నాకేమో పండ్లు లేవాయె."

"ఏం రొట్టె?"

"జొన్నరొట్టె. నిన్నటిది. తొక్కు గూడ నిన్నటిదే..."

నేనూ చెన్నబసప్పా, ఎద్దులతో సహా, ఆయన ముందు నుంచే నడిచిపోయాం. చెరువు కట్ట దాకా వినిపిస్తూనే ఉంది, తాత కోడలి వంట మీద చెప్పుకుపోతున్నాడు.

చేను గట్టు మీద సంచి దించి నేల మీద పెట్టబోయాను, పెట్టి వెనక్కి జరగాలి కదా. చెన్నబసప్ప ఎద్దుల్ని వదిలి గబగబా వచ్చాడు.

"కింద పెట్టకు. నేల ఇంక తడిగనే ఉంది," అని రెండు చేతులూ చాపాడు. "ఇటియ్యి బిడ్డా."