నాలుగో పాటలో డ్రమ్స్

పత్రికలో ప్రతి శుక్రవారం వచ్చే "ఈ వారం కొత్త పాటలు" శీర్షిక ఆవిడది. కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు విడుదల చేసుకునే పాప్, రాక్ బ్యాండ్ల గురించి రాస్తుంది. నచ్చిన పాటలు వినమని చెబుతుంది. నచ్చనివాటి ఊసెత్తదు. దానికో పద్ధతి ఉంది. డెస్కు ఇన్‌ఛార్జి బ్యాండ్ల పేర్లు తీసేసి, పాటలకు అంకెలు వేసి పంపుతాడు. ఆవిడ రాసి ఇచ్చాక పేర్లు చేరుస్తాడు. ఇంతకుముందు రాసినాయన తన స్నేహితులనే ఆకాశానికి ఎత్తుతూ పోవడంతో పెట్టిన పద్ధతి అది.

ఆ వారం నాలుగో పాట మొదలవగానే ఆవిడ హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుంది. పాడుతున్నది మరిది, అంటే చెల్లెలి మొగుడు. డ్రమ్స్ వాయిస్తున్నది తనే.

అనుమానం లేదు. రెండో చరణానికి ముందు ఒక దెబ్బ ఆలస్యంగా పడింది. తను మరిది బ్యాండ్‌లో వాయించే రోజుల్లో, రికార్డు చేసుకుంటున్న ఒక రిహార్సల్‌లో స్టూలు వెనక్కి జారి, పెద్ద డ్రమ్ కొట్టే పెడల్ కాలికి అందక ఆ దెబ్బ ఆలస్యమైంది. మళ్ళీ వాయిస్తానంది. "రిహార్సలే కదా వదినా, ఉండనీ" అన్నాడు మరిది. కొన్నాళ్ళకు ఫోన్ చేసి, బ్యాండ్‌కి కొత్త మొహం కావాలి, ఇక రావద్దన్నాడు. ఆ కొత్త మొహం వాళ్ళు పాటలు రికార్డు చేసుకునే స్టూడియో ఓనరు మేనల్లుడిది. చెల్లెలు అవతల అతని పక్కనే ఉంది. ఫోన్ అందుకోలేదు.

ఇంటర్నెట్‌లో పాట పేజీ వెతికి తెరిచింది. డ్రమ్స్ అన్నచోట మేనల్లుడి పేరుంది.

ఇన్‌ఛార్జికి చెబితే ఆ పాట పక్కన పెట్టేవాడు. చెప్పలేదు. తిట్టడానికి ఆ శీర్షికలో చోటు లేదు కాబట్టి పొగిడింది. పాడినవాడి గురించి ఒక్క ముక్క రాయలేదు. "ఇది డ్రమ్స్ కోసం వినండి. రెండో చరణం ముందు ఒక దెబ్బ ఆగి పడుతుంది. పాటంతా ఆ ఆగడంలోనే ఉంది. ఈ చేతులు ఎదురుగా వాయిస్తే వినాలి" అని రాసింది.

అచ్చయ్యాక రేడియో స్టేషన్ వాళ్ళు బ్యాండ్‌ని ప్రత్యక్ష ప్రసారానికి పిలిచారు. ఆ దెబ్బ వినిపించి తీరాలన్నారు. మేనల్లుడు ఎంత సాధన చేసినా అది ఒకసారి ముందే పడింది, ఒకసారి పడనే లేదు. మరిది చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వచ్చాడు.

"పేపర్లో చదివాను వదినా. నీ మనసు వెన్న."

"సున్నమూ తెల్లగానే ఉంటుంది. వచ్చిన పని చెప్పు."

"ఆదివారం నువ్వొచ్చి వాయించాలి."

"మీవాడికేం రోగం?"

"వాడికి చేతులున్నాయి గానీ చెవులు లేవు."

"మొహం చూసి తెచ్చుకున్నావుగా. చెవులు దానికి అటూ ఇటూ ఉంటాయి, చూసుకోలేదా?"

మరిది నవ్వబోయి మానుకున్నాడు. "రేడియోలో మొహం కనపడదు కదా. వాడి పేరు చెబుతారు, నువ్వు వాయిస్తావు. ఇంట్లో మనిషివి, మనలో మనకు పేర్లేమిటి?"

ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వేమంటావే?"

"ఈ ఒక్కసారికి సర్దుకో అక్కా. లేకపోతే ఆయన తలెత్తుకోలేరు."

"నేనెలా ఎత్తుకుంటున్నానో ఎప్పుడైనా అడిగావా?"

చెల్లెలు మొగుడి వైపు చూసింది.

"వస్తాను" అంది ఆవిడ.

ఆదివారం ఉదయం ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే నీ వీపు నువ్వే తట్టుకున్నావన్నమాట. అదీ మా పేపర్లో."

"అవును."

"శీర్షిక ఇంకొకరికి ఇచ్చేస్తాను. నాకు వేరే దారి లేదు."

"తెలిసే చేశాను. పాఠకులకు సంజాయిషీ కూడా వేయండి. రేపు వేయండి, ఇవాళ వద్దు."

"ఇవాళ ఏముంది?"

"రేడియో పెట్టుకోండి."

స్టేషన్‌లో బ్యాండ్ గది గోడలకు స్పాంజి పలకలు అంటించి ఉన్నాయి. అద్దం అవతల టెక్నీషియను, చెల్లెలు, మేనల్లుడు కూర్చున్నారు. వ్యాఖ్యాత ఉండేది పై అంతస్తులో. ఆయన మాట హెడ్‌ఫోన్లలో వస్తుంది. ఆయన బ్యాండ్ వాళ్ళ పేర్లు చదివాడు. డ్రమ్స్ దగ్గర మేనల్లుడి పేరు చదివాడు. గదిలోంచి ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది.

ఆవిడ వాయించింది. రెండో చరణం దగ్గరికి వచ్చి, కర్రలు ఒళ్ళో పెట్టుకుంది.

గిటారు తడబడి ఆగింది. మరిది ఇంకో పాదం ఒంటరిగా పాడి, అతనూ ఆగాడు. రేడియోలో నిశ్శబ్దాన్ని మించిన నేరం లేదు. టెక్నీషియను లేచి రెండు చేతులూ ఊపాడు.

"ఏమైంది? డ్రమ్మరు గారూ, ఉన్నారా?" అన్నాడు వ్యాఖ్యాత.

మాట్లాడే మైకు మరిది ముందే ఉంది. దాని మీద చెయ్యి మూశాడు. "వాయించు వదినా. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణం రేడియోలో వినపడదు. పేరు చెప్పు."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఎవరు వింటారు?"

టెక్నీషియను అద్దం మీద బాదాడు. మరిది చెయ్యి తీశాడు.

"డ్రమ్స్ మీద ఉన్నది మా వదిన."

"ఆవిడ పేరు?"

చెప్పాడు.

"ఇంటిపేరు" అంది ఆవిడ. అదీ చెప్పాడు.

"మరి రికార్డులో వాయించింది?" అన్నాడు వ్యాఖ్యాత.

మరిది అద్దం వైపు చూశాడు. మేనల్లుడు లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోతున్నాడు. చెల్లెలు మొహం చేతుల్లో దాచుకుంది.

"అందులోనూ ఆవిడే" అన్నాడు మరిది.

"అయితే మొదటి నుంచి అందుకోండి."

ఒకటి, రెండు, మూడు అంటూ పాట మొదలుపెట్టే లెక్క డ్రమ్మరుదే. ఎంత వేగమన్నదీ ఆ లెక్కలోనే తేలిపోతుంది. ఆవిడ కర్రలు తీసుకుని, రికార్డులోకన్నా వేగంగా లెక్కపెట్టింది. మొదటి చరణం సగానికి వచ్చేసరికి మరిదికి ఊపిరి తీసుకోవడానికి సందు లేకపోయింది. వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ తగ్గించలేదు.