పిడి కింది నెలవంక

పొయ్యిలో బూడిద ఎత్తాలి. రొట్టె తేవాలి. గుండె మాత్ర మింగాలి. పొరుగింటి మనాబా అక్క బాకుకు వదులైన పిడి బిగించి, అది ఎక్కడిదో ఎప్పటిదో చెప్పి, ఆమె మనవడి పెళ్లి ఊరేగింపు బయలుదేరేలోగా ఇచ్చెయ్యాలి.

అబ్దుల్‌జలీల్ బూడిద ఎత్తాడు. మాత్ర సంగతి మరిచి బాకు ముందు కూర్చున్నాడు.

కొండమీది ఆ కుబాచీ ఊళ్లో వెండిపనివాళ్లకు కొదవ లేదు. పాత బాకుల పుట్టుపూర్వోత్తరాలకు మాత్రం అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. ఒర మీది తీగల అల్లిక చూసి అది ఏ తరం పనో చెప్పేవాడు. కానీ వెండి ఒక ఊరిది, ఉక్కు ఇంకో ఊరిది. అలుగు, అంటే ఆ ఉక్కు కత్తిరేకు, ఎవరి పనో తెలియాలంటే పిడి విప్పాలి. ఎన్ని పిడులు విప్పినా అతను వెతికేది ఒక్క గుర్తు కోసమే. పక్క కొండమీది అముజ్గిలో కత్తులు సాగగొట్టిన తండ్రి కుర్తుమా, ఇతను ఉయ్యాలలో ఉండగా యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఫొటో అయినా లేదు. "మీ నాన్న పిడి కింద వెల్లకిలా పడుకున్న నెలవంక ముద్ర కొట్టేవాడు" అని అమ్మ చెప్పేది. అంతే.

అరిగిన మేకులు రెండూ ఊడదీసి సాసర్లో వేశాడు. కొమ్ము పిడి రెండు చెక్కలుగా విడింది. తుప్పు తుడిచాడు.

వెల్లకిలా నెలవంక.

దానిమీద బొటనవేలు ఆనించి అలాగే ఉండిపోయాడు. తెల్ల ముసుగులో, చేతిలో పళ్లెంతో మనాబా వచ్చింది.

"ఏం తమ్ముడూ, కునుకా? మా బాకు ఏడు తరాలదేనా? తొందరగా చెప్పు, వియ్యంకుడి మీసం కాస్త దించాలి."

"ఒర ఏడు తరాలదే అక్కా. అలుగు మా నాన్నది."

"కుర్తుమాదా! అంటే పాతది విరిగితే మా మామ కొత్తది వేయించాడన్నమాట. చచ్చేదాకా నోరు విప్పలేదు చూడు, ముసలాడు!" నవ్వింది. వెంటనే ముఖం ముడుచుకుంది. "ఏడు తరాలదని ఊరంతా చాటుకున్నానే! ఆ పెట్టెలో పాత అలుగులున్నాయిగా, ఒకటి దీనికి తొడిగెయ్. మీ నాన్నది నువ్వుంచుకో. పిడి విప్పి ఎవడు చూస్తాడు?"

అతను పెట్టె వైపు చూశాడు. సరిపోయే అలుగు అందులో ఉంది. ఆమె మాటా నిలబడుతుంది, అతని తండ్రీ ఇంటికి వస్తాడు.

"నేను విప్పి చూస్తూనే బతికానక్కా," అన్నాడు చివరికి. "రేపు ఇంకొకడు చూస్తాడు. కత్తికి తండ్రిని మార్చలేను."

"నీ నాలుకకూ రెండువైపులా పదునే. సరే, బిగించు. హల్వా తెచ్చాను, తిను."

నెలవంకను ఇంకోసారి తడిమి, కొమ్ము చెక్కలు మూసి, కొత్త మేకులు కొట్టాడు.

మధ్యాహ్నం డోలు మోగుతూ కిటికీ కిందుగా ఊరేగింపు సాగింది. పెళ్లికొడుకు నడుమున ఒర మెరిసింది. అన్ని గొంతుల మీదా మనాబా గొంతు వినిపించింది: "ఒర మా పెద్దలది. అలుగు అముజ్గి కుర్తుమాది, తెలుసా!"

అబ్దుల్‌జలీల్ కుర్చీలో వెనక్కి వాలాడు. సాయంత్రం పళ్లెం కోసం వచ్చిన మనాబా పిలిస్తే పలకలేదు. హల్వా, గుండె మాత్ర, రెండూ అలాగే ఉన్నాయి.

ఎప్పుడైనా పాత బాకు మీ చేతికి వస్తే, పిడి కింద ఒక మనిషి ఉంటాడని గుర్తుపెట్టుకోండి. ఆ మనిషిని వెతికి, దొరికాక ఊరేగింపుకు పంపేసిన అబ్దుల్‌జలీల్‌నూ ఒకసారి తలుచుకోండి. అతని బల్లమీద, చల్లారిన టీ పక్కన, సాసర్లో, ఆ అలుగును అన్నాళ్లూ పట్టి ఉంచిన అరిగిన మేకులు రెండు.