కట్టలో ఒక్కటే నాకు

నేను ఒక లీటరు నీళ్ల సీసాను. పుట్టింది మేడ్చల్ దగ్గర ఒక కార్ఖానాలో. నా నీళ్లు తాగిన పెద్దమనిషి నన్ను ఆర్మూరు బస్సులో సీటు కిందికి తన్ని దిగిపోయాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అదే బస్సులో బడికి వెళ్లే జీవశాస్త్రం టీచరమ్మ వనజ గారు నన్ను సంచిలో వేసుకున్నారు. నా మూతకు కన్నం పెట్టి పాత పెన్ను గొట్టం దూర్చారు, మెడలో దూది కుక్కారు, అడుగున ఇంకో కన్నం చేసి మైనం బిరడా బిగించారు. ఇంత ముస్తాబు దేనికో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

శనివారం నాడు తెలిసింది. తొమ్మిదో తరగతి గోడ మీద ‘పొగ తాగరాదు’ అని పెద్ద అక్షరాలు. సరిగ్గా వాటి కిందే నన్ను నిలబెట్టి, నిండా నీళ్లు పోసి, గొట్టానికి ఒక బీడీ గుచ్చి అంటించారు. అడుగు బిరడా తీయగానే నీళ్లు కారిపోయాయి, ఆ ఖాళీలోకి పొగ వచ్చి పడింది. తెల్లటి దూది పసుపుపచ్చగా మారింది.

“చూసిన్రా, ఒక్క బీడీకే ఇట్లయింది. మీ ఊపిరితిత్తులు ఏమైతయ్ మరి?” అన్నారు టీచరమ్మ.

తాగొద్దని చెప్పడానికి తాగించడమేమిటో! బడి మొత్తంలో పొగ తాగడానికి అనుమతి నాకొక్కదానికే ఉందని కొంచెం గర్వపడ్డాను కూడా. సిగ్గులేని జన్మ.

ఆ మొదటి బీడీ అటెండరు జేబులోంచి వచ్చింది. ఈ ప్రయోగం నెలనెలా చేసి చూపాలని పై ఆఫీసు ఆర్డరట, ప్రతిసారీ ఎవరిస్తారు? టీచరమ్మ కొట్టుకు వెళ్లి బీడీలు అడిగితే ఊరంతా అదే ముచ్చట. అప్పుడు వినయ్ అనే కుర్రాడు లేచి, “మా అమ్మ బీడీలు చేస్తది టీచర్, తెస్త” అన్నాడు. ఆ ఊళ్లో సగం ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లే. వినయ్ తల్లి సుమలత మాత్రం మహా గట్టిది, చేటలోంచి ఒక్క బీడీ కూడా కొడుకు చేతికి అందనిచ్చేది కాదట. అటువంటి మనిషికి టీచరమ్మ బడి ముద్ర కొట్టి మరీ చీటీ రాశారు: ‘పొగాకు నివారణ కార్యక్రమం కోసం ప్రతి నెలా ఒక కట్ట బీడీలు పంపగలరు.’ బడి ముద్ర చూశాక కాదనే తల్లి ఎవరు? కట్ట వచ్చేది. కట్టకు ఇరవై అయిదు, అందులో నాకు ఒక్కటే. మిగిలినవి మళ్లీ దారంతో బిగించి, “ఇవి మీ అమ్మకియ్యి” అని వినయ్ చేతికే ఇచ్చేవారు.

వాడు నన్ను ప్రయోగశాల అల్మారాలో సర్ది, నా వెనకే ఆ కట్టనూ పెట్టేవాడు. అది రోజురోజుకూ సన్నబడేది. తల్లికి కొన్ని కొన్నిగా చేరవేస్తున్నాడు కాబోలు, ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను. సీసా బుర్ర కదా. కబడ్డీలో వాడి కూత కిటికీలోంచి ఖంగుమని వినిపించేది. నాలుగో నెలకల్లా అది మధ్యలో తెగిపోయి దగ్గు వినిపించసాగింది. అప్పటికీ నాకు వెలగలేదు.

అయిదో నెల తల్లిదండ్రుల సమావేశం. హెడ్మాస్టరు గారు సుమలతను ముందు వరసలో కూర్చోబెట్టి, మన కార్యక్రమానికి ఈమే అండ అని పొగిడారు. ఆమె మొదటిసారి నేను పొగ తాగడం చూసింది. అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

“గిదొక్కటే కాలుస్తరా టీచర్? మరి కడమయి ఏడవోతున్నయ్?”

“వినయ్‌తోని వాపస్ పంపుతున్న గదమ్మా.”

సుమలత కొడుకు వైపు చూసింది. వాడు నా వైపు చూశాడు. నాకు నోరుంది గాని మాటేదీ?

“రెండే తాగిన అమ్మా,” అన్నాడు చివరికి. “కడమయి దోస్తులకిచ్చిన.”

వెనక బెంచీలో నాలుగు తలలు ఒక్కసారిగా వంగిపోయాయి. సుమలత కొడుకును కొట్టలేదు. బల్ల దగ్గరికి వచ్చి నా మెడలోంచి దూది లాగి, చేతిలో పెట్టుకుని చూసింది.

“నా చేతులతోని చుట్టి, నేనే నీ నోట్లె వెట్టిన్నార బిడ్డా?” అని బోరున ఏడ్చింది.

వాడూ ఏడ్చాడు. “ముద్ర కొట్టింది నేను” అన్నారు టీచరమ్మ, ఎవరితోనో తెలియకుండా. నాకైతే తప్పెవరిదో తేలలేదు. కాల్చింది నేను, చుట్టింది ఆమె, అడిగింది బడి. అందరిదీ మంచి ఉద్దేశమే.

మరుసటి నెల నుంచి కట్ట రావడం మానేసింది. కట్టకు బదులు సుమలతే రావడం మొదలుపెట్టింది. సాయంత్రం బడి వదలగానే గేటు దగ్గర అయిదుగురినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి నోరు వాసన చూసేది. “ఆఁ అను. ఇంక పెద్దగ తెరువు.” కుర్రాళ్లు సిగ్గుతో చచ్చిపోయేవారు. పక్కనే టీచరమ్మ నిలబడి, వాసన రాని వాళ్ల పేర్లకు ఎదురుగా రోజూ టిక్కులు పెట్టేవారు. ఆ నెలంతా ఒక్క టిక్కూ తప్పలేదు.

నెలాఖరున పై ఆఫీసుకు పంపే కాగితంలో హెడ్మాస్టరు గారు ‘బీడీ లభించనందున ఈ నెల పొగాకు నివారణ కార్యక్రమం జరగలేదు’ అని రాసి సంతకం పెట్టారు.